ఉద్దెర పుస్తకం

నాలుగున్నరకు వల విసురుతడు మొగిలి.
కుంటకు ఇంకా మెలకువ రాదు.
ఒడ్డు మీద టార్చి పట్టుకొని నేను
నీళ్లల్ల వెండి మెదిలిన చోటు చూపిస్త.

అరెకరం చెలక.
పత్తి రెండేండ్లు మమ్ముల ముంచినంక
మూడో ఏడు మేమే దాన్ని ముంచినం.
బర్రెనమ్మి జేసీబీ కిరాయి కట్టిన నాడు
మా అత్త అన్నం ముట్టలే.

రవ్వ, బొచ్చె, నాలుగు బంగారుతీగలు.
ఒకదాని సైజు ఇంకోదానికి లేదు.
ఒక్క కడుపున పుట్టినోళ్లు ఒక్కతీరు ఉంటరా?

నీలం డ్రమ్ములు, డ్రమ్ములకు అడ్డంగ నా కాళ్లు.
ట్రాలీ ఆటో గుంతల పడ్డప్పుడల్ల
చల్లగ నా ఒళ్లోకి కొంచెం కుంట.

నర్సంపేట చేరేసరికి
కోస్తా లారీ ముందే వచ్చి ఉంటది.
థర్మకోల్ పెట్టెలు, పెట్టెలల్ల ఐసు,
ఐసు మీద చేపలు
మూడు రోజుల కిందటి కండ్లతోటి
ఎటో చూస్తుంటయి.
కిలోకు ముప్పై తక్కువ.
"నీ చేప ఏమన్న బంగారమా చెల్లె?"
బంగారం కాదక్కా, బతికున్నది.
మొప్ప ఎత్తి చూడు, దానిమ్మ గింజ లెక్క లేదా?
చూస్తది. చూసి లారీ దిక్కు పోతది.
ఆమె ఇంట్ల తినేటోళ్లు ఎనిమిది మంది,
కొంగు ముడిల నూటయాభై.
కోపమెందుకు నాకు,
టమాటల కాడ నేను చేసేది గదే.

హనుమకొండల అద్దాల దుకాణం.
తలుపు దానంతటదే తెరుచుకుంటదట,
నా తడి చెప్పులు చూసి జర ఆగినట్టనిపించింది.
మేనేజరు పిలగాడు నా తమ్ముని ఈడు.
"అన్నీ కిలో నుంచి కిలో వంద లోపట ఉండాలె,
వాసన రావద్దు,
బిల్లు నలభై ఐదు రోజులకు."
చేపకు చేప వాసన లేకుండ
ఎట్ల పెంచుతరో నువ్వే చెప్పు తమ్మీ అన్న.
నవ్విండు పాపం.
ఇప్పుడు వారానికి పది కిలోలు తీసుకుంటడు.
తలలు కొనేటోళ్లు లేరని
సంచిల కట్టి నాకే వాపసిస్తడు.
ఆదివారం మా ఇంట్ల తలకాయల పులుసు,
మా అత్త రెండుసార్లు వేయించుకుంటది.

మిగిలినయి ఉద్దెరకు.
జిలానీ చికెన్ సెంటరు, ఓదెలు మెస్సు,
రిజిస్ట్రాఫీసు ఎనుక కల్లు దుకాణం,
లెక్కలు చెప్పే సూర్యప్రకాశం సారు.
పేర్లు బాల్‌పెన్నుతోటి రాసుకున్న.
అంకెలు మాత్రం నా బిడ్డ జెల్‌పెన్నుతోటి,
మెరుస్తయని.

మిరుగు నాడు ఒక్కరోజు
మమ్ముల వెతుక్కుంట వస్తరు జనం.
బేరం లేదు, ఉద్దెర లేదు,
కాంట తడి ఆరే సందు లేదు.
ఆ సంబురంల మూత మరిచిన.
మూడు కిలోల బొచ్చె ఎగిరి తోకతోటి కొట్టింది,
గల్లాపెట్టె మీది పుస్తకం డ్రమ్ముల పడ్డది.
చెయ్యి పెట్టి తీసేసరికి
పేర్లున్నయి.
అంకెలు ఈదుకుంట పోయినయి.

తెల్లారి ఒక్కొక్కల కాడికి పోయిన.
పుస్తకం చూపెట్టిన, దాచేదేమున్నది.
ఓదెలు, ఎప్పుడూ కాంట కింద వేలు పెట్టెటోడు,
కండ్లు మూసుకొని పెదవులు కదిలిచ్చి
"పదిహేడు వందల నలభై" అన్నడు.
గంతే. నాకూ యాదికున్నది గంతే.
జిలానీ ఇరవై ఎక్కువే ఇచ్చిండు, చిల్లర లేదని.
సారు మూడు వందలు తక్కువ చెప్పిండు.
మరిచిండో, మరిచినట్టు చేసిండో.
ఊఁ అన్న.
తూకమేసేటప్పుడు చేపకెల్లి నీళ్లు కారుతయి,
కారేదాన్ని పట్టి ఎవలు కొలుస్తరు.

కల్లు దుకాణపాయన ఇంకా లెక్కవెడుతనే ఉన్నడు.

కొత్త పుస్తకం కొన్న, పన్నెండు రూపాయలు.
ఈసారి పెన్సిలుతోటి రాయి,
నీళ్లకు పోదు, అంటడు మొగిలి వల దులుపుకుంట.
నీళ్లకు పోదు సరే,
రబ్బరున్నోళ్ల సంగతేంది అన్న.